గోదాం ఫ్లోర్ పగుళ్లు: ముందు జాయింట్ లోతు కొలవండి

కొత్త గోదాం ఫ్లోర్, జాయింట్ల దగ్గర (పగులు అక్కడే రావాలని కాంక్రీటులో కట్టర్‌తో కోసిన గీతల దగ్గర) కాకుండా మధ్యలో పగిలిందని, ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే దారిలో జాయింట్ల అంచులు రాలుతున్నాయని రాశారు. మీ కాంట్రాక్టర్ తప్పంతా సిమెంటు మీదకు నెట్టేస్తున్నారు గానీ, నాకు మాత్రం కోత మీదే అనుమానం.

జాయింట్‌లో స్టీల్ స్కేలు దింపి చూడండి. మీది 150 మి.మీ. స్లాబ్ కాబట్టి కోత కనీసం నాలుగో వంతు, అంటే 38 మి.మీ. లోతుండాలి. జాయింట్ల మధ్య దూరం 4.5 మీటర్లు దాటకపోతే మంచిది. మామూలు కట్టర్‌తో అయితే ఫినిషింగ్ అయిన 4 నుంచి 12 గంటల్లో కోసేయాలి. మర్నాడు తీరిగ్గా కోస్తే ఏం లాభం? కాంక్రీటు అప్పటికే తనకు నచ్చిన చోట పగిలి ఉంటుంది.

అంచుల సంగతి వేరండి. జాయింట్ పక్కన సుత్తితో తట్టండి. బోలు శబ్దం వస్తే స్లాబ్ అంచు పైకి లేచి ఉండొచ్చు. అలాగైతే ముందు స్లాబ్ కిందికి గ్రౌట్ (పల్చటి సిమెంటు మిశ్రమం) ఎక్కించాలి, ఆ తర్వాతే రాలిన అంచులు బాగుచేసి జాయింట్‌లో సెమీ రిజిడ్ ఎపాక్సీ (కాస్త గట్టిగా ఉండే రెసిన్ ఫిల్లర్) నింపాలి. మెత్తటి సిలికాన్ సీలెంట్ వద్దు, గట్టి చక్రాల కింద అది అంచుకు ఆసరా ఇవ్వదు. ఫ్లోర్ పోసి మూడు నెలలు కాకపోతే ఫిల్లర్ పని ఆపండి, కాంక్రీటు ఇంకా కుంచించుకుంటూనే ఉంటుంది.

చక్రాలు తిరగని చోట వెంట్రుకంత పగుళ్లుంటే టెన్షన్ పడకుండా వదిలేయండి.