కంప్యూటర్ ప్రశ్నలు – జవాబులు: ఒకే ఇమేజ్ నుంచి వచ్చిన నోడ్‌లలో తేడాలు ఎక్కడ దాక్కుంటాయి?

ప్రశ్న: మా పరిశోధన బృందానికి 64 నోడ్‌ల క్లస్టర్ (ఒకే పనిని పంచుకునే కంప్యూటర్ల సమూహం; ఒక్కో కంప్యూటర్ ఒక నోడ్) ఉంది. అన్నింటినీ ఒకే ఇమేజ్ (ముందే సిద్ధం చేసిన సిస్టమ్ నకలు) నుంచి ఇన్‌స్టాల్ చేశారు. నా ప్రోగ్రామును 16 నోడ్‌ల మీద ఒకే డేటాతో నడిపితే ఒకరోజు మూడు గంటల్లో పూర్తవుతుంది, ఇంకోరోజు అయిదు గంటలు దాటుతుంది. లోపం నా ప్రోగ్రాములోనే ఉందని అందరూ అంటున్నారు. నోడ్‌ల కాన్ఫిగరేషన్‌లో తేడా ఉందేమో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ముందు అనుమానించవలసింది నోడ్‌లనే. ప్రోగ్రాము మారలేదు, డేటా మారలేదు. రోజురోజుకూ మారుతున్నది షెడ్యూలర్ (పనులను నోడ్‌లకు పంచే సాఫ్ట్‌వేర్) మీకు ఏ 16 నోడ్‌లు ఇస్తోందన్నదే.

ఒకే ఇమేజ్ నుంచి వచ్చిన నోడ్‌లు మొదటి రోజున ఒకేలా ఉంటాయి. తర్వాత ఏదో ఒక నోడ్ మరమ్మతులో ఉన్నప్పుడు మిగతావాటికి అప్‌డేట్ వెళ్తుంది. ఎవరో ఒక సమస్య తీర్చడానికి ఇంకో నోడ్‌లోకి లాగిన్ అయి ఒక విలువ మార్చి, ఆ సంగతి ఎక్కడా రాసిపెట్టరు. సమాంతరంగా నడిచే చాలా ప్రోగ్రాముల్లో నోడ్‌లన్నీ దశదశకూ ఒకదాని కోసం ఒకటి ఆగాలి. అందువల్ల ఒక్క నోడ్ మందగిస్తే మిగతా 15 చేతులు కట్టుకుని కూర్చుంటాయి.

కాబట్టి మొదట మీ పాత జాబ్‌ల (షెడ్యూలర్‌కు అప్పగించిన పనుల) చిట్టా తీయండి. స్లర్మ్ అనే షెడ్యూలర్ వాడుతున్నట్లయితే ఏ జాబ్ ఏ నోడ్‌ల మీద నడిచిందో, ఎంతసేపు పట్టిందో 'ఎస్అక్ట్' (sacct) ఆదేశం చెబుతుంది. ఆలస్యమైన జాబ్‌లన్నింటిలో కనిపిస్తూ, త్వరగా ముగిసిన జాబ్‌లలో ఎక్కడా కనిపించని నోడ్ పేరు ఉందా? ఉంటే తీగ దొరికినట్టే, డొంక కదిలించడం ఇక తేలిక. దీనికి అడ్మినిస్ట్రేటర్ అనుమతులు కూడా అక్కర్లేదు. మీ సొంత జాబ్‌ల వివరాలు సాధారణంగా మీకు అందుబాటులోనే ఉంటాయి.

తర్వాత నోడ్‌లను ఒకదానితో ఒకటి పోల్చాలి. ఒక్కొక్క నోడ్‌లోకి వెళ్లి కంటితో చూడకండి. పదో నోడ్ దగ్గరికే కళ్లు అలసిపోతాయి. అన్ని నోడ్‌లకూ ఒకే ప్రశ్న పంపి, ఒకేలా వచ్చిన జవాబులను ఒక కట్టగా చూపించే సాధనాలు ఉన్నాయి: క్లస్టర్‌షెల్‌లోని 'క్లష్', లేదా 'పీడీఎస్‌హెచ్'తో కలిపి వాడే 'డీఎస్‌హెచ్‌బ్యాక్'. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) వెర్షన్ అడిగారనుకోండి. తెర మీద 63 నోడ్‌ల పేర్లు ఒక్క వరుసలో కుదించి, వాటి కింద ఒక వెర్షన్ ఉంటుంది. దాని దిగువన ఒంటరిగా ఒక నోడ్ పేరు, మరో వెర్షన్. వెతకాల్సిన పనే ఉండదు.

ప్యాకేజీల జాబితాను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. ప్యాకేజీలను నిర్వహించే ఆర్‌పీఎం ఇచ్చే జాబితా వరుస అన్ని నోడ్‌లలోనూ ఒకటే ఉండాలని లేదు. నేరుగా చెక్‌సమ్ (విషయం నుంచి లెక్కగట్టే చిన్న గుర్తింపు సంఖ్య) తీస్తే ప్యాకేజీలు అచ్చంగా అవే ఉన్నా విలువలు వేరువేరుగా రావచ్చు. జాబితాను ముందు అక్షరక్రమంలో పేర్చి, ఆ తర్వాతే చెక్‌సమ్ తీయాలి. ఆ అక్షరక్రమం కూడా లొకేల్ (భాష, ప్రాంతం) సెట్టింగును బట్టి మారుతుంది కనుక అన్ని నోడ్‌లలోనూ దాన్ని 'సి' అని బిగించండి. ఇది చేయకపోతే లేని తేడా వెంట పరుగెత్తుతూ ఒక పూట గడిచిపోతుంది.

ఇక అసలు విషయం. డిస్క్ మీద ఉన్న ఫైళ్లు ఒకటే అయినంత మాత్రాన నోడ్‌లు ఒకేలా నడుస్తున్నాయనుకోకండి. కొత్త కెర్నల్ ప్యాకేజీ దిగినా, రీబూట్ చేసేదాకా నడిచేది పాతదే. కెర్నల్ సెట్టింగులుండే సిస్‌కంట్రోల్ ఫైలులో విలువ సరిచేసినా, దాన్ని మళ్లీ లోడ్ చేయకపోతే మెమరీలో పాత విలువే ఉంటుంది. అందుకే నేను ఫైళ్లకంటే ముందు, నడుస్తున్న యంత్రాన్ని అడుగుతాను: ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏది, మొత్తం మెమరీ ఎంత, ఒక్కో కోర్‌కు థ్రెడ్‌లు ఎన్ని, ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే గవర్నర్ 'పెర్ఫార్మెన్స్'లో ఉందా 'పవర్‌సేవ్'లో ఉందా, నోడ్‌లను కలిపే అతివేగ నెట్‌వర్క్ ఇన్ఫినీబ్యాండ్ లింక్ పూర్తి వేగంతో ఉందా. నేను చూసుకునే క్లస్టర్‌లో ఒక నోడ్‌కు మదర్‌బోర్డు మార్చారు. ఆపరేటింగ్ సిస్టమ్ వైపు నుంచి ప్రతి ఫైలూ సరిగ్గానే ఉంది, ప్యాకేజీలూ సరిపోయాయి. మదర్‌బోర్డులోనే ఉండే బయోస్‌లో మాత్రం విద్యుత్ పొదుపు సెట్టింగు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండిపోయింది. ఏ ఫైలు పోలికలోనూ అది బయటపడేది కాదు. ప్రాసెసర్ వేగాన్ని అడిగినప్పుడే బయటపడింది.

ఇంకో మెలిక ఉంది. మీరు ఎస్ఎస్‌హెచ్ ద్వారా లాగిన్ అయి చూసే పరిమితులు వేరు, మీ జాబ్‌కు దక్కే పరిమితులు వేరు కావచ్చు. ఉదాహరణకు మెమరీని లాక్ చేసుకునే (డిస్క్ మీదకు పోకుండా నిలిపి ఉంచుకునే) పరిమితి. ఇన్ఫినీబ్యాండ్ మీద సందేశాలు పంపాలంటే ఇది తగినంత ఉండాలి. లాగిన్ అయినప్పుడు అపరిమితమని కనిపించవచ్చు. కానీ జాబ్‌ను ప్రారంభించే డీమన్‌ను (వెనకాల నడుస్తుండే ప్రోగ్రామును) నడిపేది సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపే లినక్స్ భాగం), ఆ డీమన్‌కు దాని సర్వీసు ఫైలులో రాసిన పరిమితే వర్తిస్తుంది. కనుక ఆ ప్రశ్నను జాబ్ ద్వారానే అడగండి. స్లర్మ్‌లో 'ఎస్‌రన్'తో ప్రతి నోడ్ మీదా పరిమితులను అచ్చువేయించి పోల్చండి. ప్రోగ్రాము ఏ వాకిలి నుంచి లోపలికి వెళ్తుందో, తనిఖీ కూడా అక్కడి నుంచే వెళ్లాలి.

ప్రశ్న: స్లర్మ్ లాగ్‌లో ఒక నోడ్‌లోని కాన్ఫిగరేషన్ ఫైలు కంట్రోలర్‌లోని (స్లర్మ్‌ను నడిపించే ప్రధాన సర్వర్‌లోని) ఫైలుకంటే వేరుగా ఉందని హెచ్చరిక వస్తోంది. జాబ్‌లు మాత్రం బాగానే నడుస్తున్నాయి. ఆ హెచ్చరికను ఆపివేసే సెట్టింగు ఉందని విన్నాను. వాడవచ్చా?
– ఒక కళాశాల సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్

జవాబు: దయచేసి వాడకండి. సెట్టింగు ఉన్నమాట నిజమే. ఫైళ్లను కావాలనే వేరుగా ఉంచుకునేవారి కోసం అది పెట్టారు. మీ దగ్గర అలాంటి కారణం లేదు కాబట్టి ఆ హెచ్చరిక మీకు ఉచితంగా దొరుకుతున్న తనిఖీ.

2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థకు జరిగినదాన్ని ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. 8 సర్వర్లలో కొత్త కోడ్ పెట్టవలసి ఉండగా 7 సర్వర్లలోనే పెట్టారు. ఎనిమిదో దానిలో ఎన్నో ఏళ్లుగా వాడని పాత కోడ్ అలాగే ఉండిపోయింది. ఆ పాత కోడ్‌ను మేల్కొలిపే ఫ్లాగ్‌నే (ఆన్-ఆఫ్ గుర్తునే) కొత్త కోడ్‌లో వేరే పనికి వాడుకున్నారు. మార్కెట్ తెరిచాక సుమారు 45 నిమిషాల్లో ఆ పాత కోడ్ లక్షలాది తప్పుడు లావాదేవీలు నడిపింది. నష్టం 46 కోట్ల డాలర్లకు పైనే. అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2013లో ఇచ్చిన ఉత్తర్వులో ఇదంతా వివరంగా ఉంది. అందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టే వివరం మరొకటి. మార్కెట్ తెరవకముందే ఆ సంస్థ సొంత వ్యవస్థ లోపాన్ని సూచిస్తూ 97 ఈమెయిళ్లు పంపింది. ఎవరూ వాటిని హెచ్చరికలుగా తీసుకోలేదు. కొత్త కోడ్ అన్ని సర్వర్లకూ చేరిందా అని రెండో మనిషి సరిచూసే ఏర్పాటూ లేదు.

మీ సమస్యకు మందు ఇది. స్లర్మ్ 20.02 వెర్షన్ నుంచి నోడ్‌లు తమ దగ్గర ఫైలు ఉంచుకోకుండా కంట్రోలర్ నుంచే కాన్ఫిగరేషన్ తెచ్చుకునే పద్ధతి ఉంది. దానికి మారితే ఈ తరహా తేడాకు చోటే ఉండదు. మారేలోగా ఆ నోడ్‌లో మంజ్ (నోడ్‌లు ఒకదాన్నొకటి గుర్తించడానికి వాడే సాధనం) తాళంచెవి ఫైలునూ, గడియారాన్నీ కూడా చూడండి. కాన్ఫిగరేషన్ అందని నోడ్‌కు ఇంకా ఏవేవి అందలేదో తెలియదు కదా. మంజ్ ఇచ్చే గుర్తింపు మామూలుగా 5 నిమిషాలే చెల్లుతుంది. గడియారం అంతకంటే ఎక్కువ తప్పితే ఆ నోడ్ మాట ఎవరూ నమ్మరు. తాళంచెవిని పోల్చేటప్పుడు దాని చెక్‌సమ్‌ను మాత్రమే పోల్చండి, లోపలి విషయాన్ని తెర మీదకు ఎప్పుడూ తేకండి.

ప్రశ్న: మేము నోడ్‌ల కాన్ఫిగరేషన్‌ను సరిచేసే అన్సిబుల్ సాధనం వాడుతున్నాం. విడిగా తనిఖీ ఎందుకు?
– ఒక పాఠకుడు

జవాబు: మంచి పనే చేస్తున్నారు. యంత్రం ఎలా ఉండాలో ముందుగా రాసిపెట్టి, దాన్ని ఆ స్థితికి తీసుకురావాలన్న పద్ధతికి 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ సీఎఫ్ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో బాట వేశారు. అన్సిబుల్ కూడా ఆ బాటలోదే. దాని 'చెక్' పద్ధతిని 'డిఫ్'తో కలిపి నడిపితే ఏదీ మార్చకుండా తేడాలు చూపిస్తుంది.

అయితే మీరు రాసిన విషయాలనే అది చూస్తుంది. ఎవరో చేత్తో ఇన్‌స్టాల్ చేసిన అదనపు లైబ్రరీ గురించి మీ ప్లేబుక్‌లో (అన్సిబుల్ కోసం రాసిన సూచనల ఫైలులో) లేకపోతే, అది ఉన్నట్టే అన్సిబుల్‌కు తెలియదు. 'షెల్', 'కమాండ్' మాడ్యూళ్లతో రాసిన పనులను మామూలుగా చెక్ పద్ధతిలో వదిలేస్తుంది కూడా. చివర వచ్చే పట్టికలో 'అందుబాటులో లేదు' అన్న అంకె సున్నా కాకపోతే ఆ నోడ్‌ల పేర్లు విడిగా రాసుకోండి. అవి తిరిగి లేచిన రోజున జాబ్‌లు తీసుకునే ముందే ప్లేబుక్ వాటి మీద నడవాలి.

ప్రశ్న: తనిఖీ ఎంత తరచుగా చేయాలి?
– మరో పాఠకురాలు

జవాబు: నోడ్ బూట్ అయిన ప్రతిసారీ, మరమ్మతు తర్వాత తప్పకుండా. మిగతా సమయాల్లో స్లర్మ్‌లోని ఆరోగ్య తనిఖీ ప్రోగ్రామును నిర్ణీత వ్యవధికి ఒకసారి నడిచేలా పెట్టుకోండి. భారీ తనిఖీలను ఖాళీగా ఉన్న నోడ్‌లకే పరిమితం చేయండి. జాబ్ నడుస్తుండగా ప్యాకేజీలన్నింటినీ లెక్కించడం మొదలుపెడితే, తనిఖీయే ఆ నోడ్‌ను నెమ్మది చేస్తుంది. తేడా కనిపించిన నోడ్‌ను వెంటనే సరిదిద్దేయకుండా 'డ్రెయిన్'లో (కొత్త జాబ్‌లు ఇవ్వని స్థితిలో) పెట్టి, కారణం గడిలో ఏ విలువ ఎంత ఉండాలో, ఎంత ఉందో రాయండి. అది ఎలా మారిందో తెలిశాకే నోడ్‌ను తిరిగి వాడుకలోకి తీసుకోండి.