అంగారకుడంటే ఆసక్తి ఉన్నవాళ్లంతా ఏరోస్పేసే చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. అంగారకుడి మీద ఒకప్పుడు జీవం ఉండేదో లేదో తేల్చే పరిశోధనలోకి వెళ్తానంటోంది. మేనేజ్‌మెంట్ కోటాలో అయినా సరే ఏరోస్పేస్‌లో చేర్పించమని బంధువులు అంటున్నారు. చేర్పించమంటారా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఆ డబ్బు ఉంచుకోండి. ఏరోస్పేస్ వాళ్లు బండిని అక్కడికి చేరుస్తారు. మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు రాళ్లలో ఉంది, వాటిని చదివేది జియాలజీ, కెమిస్ట్రీ వచ్చినవాళ్లు. 2024 జులైలో అంగారకుడి మీద తిరుగుతున్న నాసా పర్సెవరెన్స్ రోవర్‌కు జెజెరో బిలంలో చిరుతపులి మచ్చల్లాంటివి ఉన్న రాయి కనబడింది. ఆ మచ్చల్లో ఇనుప ఫాస్ఫేట్, ఇనుప సల్ఫైడ్ ఖనిజాల ఆనవాళ్లున్నాయి. భూమ్మీద ఇలాంటివి సూక్ష్మజీవుల వల్లా ఏర్పడతాయి, వాటి ప్రమేయం లేకుండానూ ఏర్పడగలవు. 2025 సెప్టెంబరులో పరిశోధన పత్రం వచ్చింది, అదీ ‘ఒకప్పటి జీవం ఆనవాళ్లు కావచ్చు’ దగ్గరే ఆగింది. ఇంతకుమించి తేలాలంటే రోవర్ తొలిచి దాచుకున్న ఆ రాతి ముక్క భూమ్మీది ల్యాబుకు రావాలి. అదింకా రోవర్ దగ్గరే ఉంది.

కాబట్టి ముందు చూడాల్సింది కేంద్ర సైన్స్ విద్యాసంస్థలైన ఐసర్‌ల ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. దానికి ఐఏటీ అనే ప్రవేశపరీక్ష రాయాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో ఇంజినీరింగ్ ఫిజిక్స్ ఉంది. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు: ఆ సీట్లు ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో కనిపించవు, ఐఐఎస్‌టీకి విడిగా దరఖాస్తు చేయాలి. రెండూ రాకపోతే తెలంగాణ డిగ్రీ ప్రవేశాల దోస్త్ ద్వారా జియాలజీ ఉన్న బీఎస్సీ. ఆ కాంబినేషన్ ఉన్న కాలేజీలు తక్కువ, వెబ్ ఆప్షన్లకు ముందే వాకబు చేసుకోండి. తర్వాత ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష జామ్ రాసి ఐఐటీలో, లేదా ఉస్మానియాలో ఎమ్మెస్సీ. ఆపైన నెట్, గేట్, జెస్ట్ వంటి పరీక్షలతో అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనాలయం పీఆర్‌ఎల్‌లో పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. మొత్తం పదేళ్లు పైనే పడుతుంది. ఆ లెక్క ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

ఒకవేళ ఆమెకు నచ్చింది రాయి కాదు, రోవరే అనుకుందాం. అప్పుడు కూడా ఈసీఈ, మెకానికల్, కంప్యూటర్ సైన్స్‌లే మేలు. ఇస్రో సైంటిస్ట్/ఇంజినీర్ నోటిఫికేషన్లలో ఎక్కువగా అడిగేవి అవే. బీటెక్‌లో 65 శాతం లేదా 6.84 సీజీపీఏ ఉండాలి.

ఏది నచ్చిందో తెలుసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల జేమార్స్ అనే, అంగారకుడి పటాలు చూపే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్‌లో వేయించండి. 18.4 ఉత్తర అక్షాంశం, 77.5 తూర్పు రేఖాంశం దగ్గరికి వెళ్లమనండి. అదే జెజెరో, దాదాపు 45 కిలోమీటర్ల వెడల్పు. (భూమ్మీద అవే అంకెలు మన కామారెడ్డి జిల్లా పడమటి సరిహద్దు దగ్గర పడతాయి!) అంగారకుడి చుట్టూ తిరిగే నాసా వ్యోమనౌకలోని సీటీఎక్స్ కెమెరా చిత్రాలు తెరిస్తే ఒక్కో పిక్సెల్ సుమారు 6 మీటర్లు. పడమటి అంచున పాత నది తెచ్చిపోసిన డెల్టా విసనకర్రలా కనిపిస్తుంది. దాని హద్దు గీసి, వెడల్పు కొలిచి, ఎన్ని వాగులు వచ్చి కలిశాయో రాయాలి.

రెండుచోట్ల తడబడుతుంది. ఒకటి, గుంతలు గుట్టల్లా కనిపిస్తాయి. వెలుతురు పైనుంచే పడుతుందని మెదడు అనుకోవడం వల్ల అలా జరుగుతుంది. వెలుతురు పైవైపు వచ్చేలా చిత్రాన్ని తిప్పితే సర్దుకుంటుంది. రెండు, పాత పటాల్లో రేఖాంశాలను పడమటికి లెక్కపెట్టేవారు. అది చూసుకోకపోతే గ్రహానికి దాదాపు అవతలి వైపు తేలుతుంది.

ఓ ఆదివారం వికారాబాద్ వైపు తీసుకెళ్లండి. చేవెళ్ల దాటాక మన గ్రానైట్ పోయి దక్కన్ నల్లరాయి మొదలవుతుంది. అంగారకుడి నేలలో ఎక్కువ భాగం ఆ జాతి రాయే, బసాల్ట్. పైన ఎర్రమట్టి ఎలా పట్టిందో దగ్గరగా చూసి, ఫొటో పక్కన స్కేలు పెట్టి తీసుకోమనండి.

రెండు నెలల తర్వాత ఆమె నోట్సు అడిగి చూడండి. డెల్టా గురించి సొంత ప్రశ్నలు కనిపిస్తే ఐఏటీ సిలబస్ తెప్పించండి. రోవర్ చక్రాల బొమ్మలే నిండి ఉంటే ఎప్‌సెట్‌కు గట్టిగా చదివించి ఈసీఈ చూద్దాం.