చిన్నీ, ఆదివారం పెరట్లోకి దిగేముందు ఇది చదువు

చిన్నీ,

ఆదివారం పొద్దున్నే రాజమండ్రిలో బండి దిగుతావట. బజారు పనులన్నీ చూసుకుని మధ్యాహ్నం ఊళ్ళోకి వచ్చి, చీకటి పడేలోగా మన పెరడంతా బాగుచేసేస్తావట. మీ నాన్న ఫోనులో చెప్పాడు. చెబుతుంటే వాడి గొంతులో ఎంత గొప్పో! నాకూ అంతే గొప్పగా ఉంది. నాయనమ్మ పోయాక ఆ పెరటి వంక చూసినవాళ్ళే లేరు. ఉగాది పచ్చడి ఈసారి ఆ ఇంట్లోనే చేసుకుందామని నువ్వన్నావని విని, చేస్తున్న పని ఆపేసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

కానీ ఆ రోజుని నువ్వు పేర్చుకున్న తీరు నాకు ఏమాత్రం నచ్చలేదే. పొద్దున బజారు, సాయంత్రం పెరడు! శనివారం ఒక్కరోజు సెలవు పెట్టు. బజారు పని శనివారం చేసుకో, పెరడు ఆదివారం పొద్దున్న ముట్టుకో. ఈ ఉత్తరంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకో. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు బజారు. హార్డ్‌వేర్ కొట్టులో కొడవలి కొనేటప్పుడు పిడి గట్టిగా ఉందో లేదో ఊపి చూడు. మోకాళ్ళ దాకా వచ్చే గంబూట్లు కొను. రబ్బరువి చాలు, సైజు సరిగ్గా ఉండాలి, లోపల సాక్సు వేసుకోవాలి. మందపాటి గ్లౌజులు రెండు జతలు. ఇనప పళ్ళున్న పొడుగు కర్ర ఒకటి, నీ ఎత్తుకి తగ్గకూడదు. మంచి టార్చి. ఖాళీ గోనెసంచులు ఊళ్ళోనే దొరుకుతాయి, వాటికి డబ్బు తగలెయ్యకు. పార, గునపం మన కొట్టుగదిలో ఉన్నాయి. ఆ గదిలోకి మాత్రం టార్చి వెయ్యకుండా అడుగు పెట్టకు.

కడియం వెళ్ళి మొక్కలు తెస్తానన్నావట. వెళ్ళు, చూడు. కడియపులంక రోడ్డు వెంట ఆ నర్సరీలు చూస్తే నీకు మనసాగదు, నాకు తెలుసు. కానీ ఈసారి చూసి వచ్చెయ్యి. ఇప్పుడు నాటి హైదరాబాదు వెళ్ళిపోతే ఏప్రిల్, మే ఎండల్లో వాటికి నీళ్ళెవరు పోస్తారు? మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక జూన్‌లో తెచ్చుకుంటే వేరు పట్టుకుంటాయి. అంతగా ఉండలేకపోతే తోటకూర, గోంగూర, బెండ విత్తనాలు తెచ్చి బావి పక్క చిన్న మడిలో చల్లు. పక్కింటి పిన్ని నీళ్ళు పోస్తుంది, ఆకు కోసుకుంటుంది. ఇద్దరికీ లాభం.

గడ్డిమందు కొడదామా అని మీ నాన్నని అడిగావట. వద్దమ్మా. గ్లైఫోసేట్ అనే గడ్డిమందు కొట్టిన రోజే గడ్డి చావదు, వారం పది రోజులు పడుతుంది. ఒక్కరోజు పనికి అది ఎందుకూ కొరగాదు. పైగా గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని 2022లో కేంద్ర ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. కొట్టువాడు ఇంకేదైనా అంటగడతాడు. పారాక్వాట్ అనే పేరు వినపడితే అక్కణ్ణుంచి వచ్చెయ్యి. దానికి విరుగుడు లేదు. అది కడుపులోకి వెళ్ళినవాళ్ళని నర్సుగా నా డ్యూటీల్లో చూశాను. మాట్లాడుతూనే ఉంటారు, తెలివిగానే ఉంటారు, లోపల ఊపిరితిత్తులు గట్టిపడిపోతుంటాయి. అలాంటి సీసా మన ఇంటి గడప దాటకూడదు.

ఇప్పుడు ఆదివారం సంగతి. మీ చిన్నాన్న కుంటుతూ నడవడం నువ్వు చిన్నప్పట్నుంచీ చూస్తున్నావు. కాలి మీద ఆ వెడల్పు మచ్చ కూడా చూశావు. పాము కరిచిందని తెలుసు. నీకు తెలిసింది సగమే.

నేను నర్సింగ్ ట్రైనింగులో ఉన్న రోజులవి. వాడికి ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. ఉగాది ముందు తాతతో కలిసి బజారుకి వెళ్ళాడు. బట్టలు, బెల్లం, కొత్త కుండ, అవీ ఇవీ కొనుక్కుని ఇంటికి చేరేసరికి పొద్దు వాలిపోయింది. పెరట్లో కొబ్బరి మట్టలు నెలల తరబడి కుప్పగా పడి ఉన్నాయి. పండగ వస్తోంది, ఇంకా అలాగే ఉన్నాయని నాయనమ్మ నాలుగురోజులుగా పోరుతోంది. బజారులో తిరిగి అలిసిపోయి ఉన్నాడు, అయినా ఈ ఒక్కటీ తీసేస్తే అమ్మ సాధింపు తప్పుతుందని చెప్పుల్లేకుండా వెళ్ళి మట్టలు లాగడం మొదలుపెట్టాడు. అప్పటికి దీపాలు పెట్టే వేళ. రంగు రంగులో కలిసిపోయే వేళ. మట్టల కింద ఎలుకలు, ఎలుకల కోసం రక్తపింజర. ఎండాకాలం రక్తపింజర పగలంతా నీడన పడి ఉండి చీకటి పడే వేళకే కదులుతుంది. వాడు నాలుగో మట్టో అయిదో మట్టో లాగినప్పుడు చీలమండ పైన కొట్టింది.

ఆ తర్వాత జరిగిందే అసలు పొరపాటు. తాత చేంతాడు తెచ్చి మోకాలి కింద ఒకటి, తొడకి ఒకటి బిగించి కట్టాడు. ఎంత బిగిస్తే అంత మంచిదనుకున్నాడు. పక్క ఊళ్ళో మంత్రం వేసే మనిషి ఉన్నాడని అక్కడికి బండి కట్టించాడు. ఆయన వేపాకు నమిలించాడు, చేదుగా ఉందన్నాడు వీడు. చేదు తెలిసింది కాబట్టి విషం ఎక్కలేదన్నారు. అందరూ స్థిమితపడ్డారు. కట్టు మాత్రం విప్పలేదు, ఎందుకైనా మంచిదని. రెండు జాముల వేళకి చిగుళ్ళ నుంచి రక్తం కారడం మొదలైంది. అప్పుడు లేచారు ఆసుపత్రికి.

మేం ట్రైనింగు చేస్తున్న ఆసుపత్రికే తెచ్చారు. నన్ను హాస్టల్ నుంచి పిలిపించారు. గాజు ట్యూబులోకి కాస్త రక్తం తీసి కదపకుండా పక్కన పెట్టారు, గడ్డకట్టలేదు. రక్తపింజర విషం చేసే పని అదే. రక్తంలో గడ్డకట్టే గుణాన్ని తినేస్తుంది, తర్వాత కిడ్నీల మీద పడుతుంది. మందు ఎక్కించారు. ప్రాణం దక్కింది. నాలుగు రోజుల పాటు మూత్రం సరిగ్గా రాలేదు, తాత ఆ సీసా వంకే చూస్తూ మంచం పక్కన నేలమీద కూర్చునేవాడు. కానీ తాడు బిగించిన చోట కండ చచ్చిపోయింది. కుళ్ళిన కండ తీసెయ్యాల్సి వచ్చింది. ఆ మచ్చ పాముది కాదమ్మా, చేంతాడుది. ఆ కుంటి నడక పోగొట్టుకున్న గంటలది.

తాతని ఎవ్వరం ఒక్క మాట అనలేదు. కొడుకుని కాపాడుకుందామనే కదా కట్టాడు. అప్పట్లో స్కూలు పుస్తకాల్లో కూడా కట్టు కట్టమనే రాసేవాళ్ళు. ఆ ఏడాది నుంచి ఫాల్గుణం రాగానే తాతే తెల్లారగట్ల లేచి, కర్రతో కొట్టుకుంటూ పెరడంతా శుభ్రం చేసేవాడు. మమ్మల్నెవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నీకు ఊహ తెలిసేసరికి అది ఆయన చాదస్తమని అందరూ అనుకునేవాళ్ళు.

అందుకే ఆదివారం పొద్దున్న అంటున్నాను. వెలుగు బాగా వచ్చాక, ఆరున్నరకి మొదలుపెట్టు. ఎండెక్కేదాకా, పది పదిన్నర దాకా చెయ్యి. మిగిలితే మిగలనీ. సాయంత్రం ఇంకో చెయ్యి వేద్దామని మాత్రం అనుకోకు. అలిసిపోయిన చెయ్యీ, మసక వెలుతురూ, కుప్పలూ ఒకచోట చేరకూడదు. ఇంటి గోడ దగ్గర మొదలుపెట్టి బయటికి వెళ్ళు. అప్పుడు లోపల దాక్కున్నదేదైనా దొడ్డిగోడ వైపు పారిపోతుంది, ఇంట్లోకి రాదు. ముందు కర్రతో నేలని గట్టిగా తట్టు, కాసేపు ఆగు, తర్వాత అడుగు వెయ్యి. మట్టల కుప్పనీ, ఇటుకల కుప్పనీ కర్రతో పైనుంచి ఒక్కొక్కటే లాగు. చేత్తో ఎత్తకు, కింద వేళ్ళు పెట్టకు. బుస వినపడితే నిలబడిపో, వెనక్కి నాలుగడుగులు వేసి దానికి దారివ్వు. చంపాలని చూడకు. అలా చూసినప్పుడు కూడా కాట్లు పడతాయి.

జరగదు. అయినా చెప్పాలి. ఎవరికైనా కాటు పడితే, నీకైనా, కూలికి వచ్చినవాళ్ళకైనా, కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం దగ్గరికి వెళ్ళొద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసెయ్యాలి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు ఆ కాలికి కర్ర దన్ను పెట్టి కదలకుండా ఉంచాలి. నడిపించకూడదు. 108కి ఫోను చెయ్యి. ఆలస్యమవుతుందంటే ఏ ఆటోనో, కారో చూసుకుని దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళిపోవాలి. పాము విషానికి విరుగుడైన ఏఎస్‌వీ ఇంజక్షన్ అక్కడ ఉచితంగా ఇస్తారు. ఆ ఒక్క మందే నాగుపాముకీ, కట్లపాముకీ, రక్తపింజరకీ, చిన్నపింజరకీ పనిచేస్తుంది. కాబట్టి ఏ పామో తెలియలేదని దాన్ని వెతుక్కుంటూ కూర్చోవద్దు. ఎవరైనా అప్పటికే తాడు బిగించేసి ఉంటే దారిలో విప్పెయ్యకు, డాక్టరు ముందే విప్పాలి. 2000 నుంచి 2019 వరకూ మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని లెక్కగట్టారు. సగానికి పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపే. అందుకే వానలకి ముందే పెరడు బాగుచెయ్యాలన్న నీ ఆలోచన మంచిది. వేళ ఒక్కటే మార్చుకో.

భయపెట్టేశానా? అలా కాదే. నువ్వు చెయ్యగలవనే రాస్తున్నాను. చెయ్యలేవనుకుంటే మీ నాన్నతో చెప్పి ఆపించేదాన్ని.

ఇక కలుపు. తెల్లపూలతో నడుమెత్తు పెరిగి ఉండేది వయ్యారిభామ. గ్లౌజు లేకుండా ముట్టుకోకు, ముక్కుకి గుడ్డ కట్టుకో. దద్దుర్లు వస్తాయి, ఆయాసం వస్తుంది, నీకు చిన్నప్పుడు పిల్లికూతలు ఉండేవి, మర్చిపోయావేమో. పూసినవాటిని ఎరువు గుంటలో వెయ్యకు, విత్తనమంతా మళ్ళీ మొలుస్తుంది. విడిగా సంచిలో కట్టు. తుంగని పైపైన కోస్తే లాభం లేదు. కింద గడ్డ ఉంటుంది, తవ్వి గడ్డతో సహా తియ్యాలి. ఈసారికి వదిలెయ్, జూన్‌లో నేల తడిగా ఉన్నప్పుడు నేనే వచ్చి కూర్చుని తీస్తాను. గోడ మీద దురదగొండి పాకి ఉంటే దాని కాయల జోలికి పోకు. ఎండుటాకులు తగలబెట్టొద్దు, మామిడి పిందె మీద ఉంది, పొగా సెగా తగిలితే రాలిపోతుంది. గుంటలో వేసి మట్టి కప్పితే వానాకాలం దాటేసరికి ఎరువవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఏది కొయ్యకూడదో. ఊపు మీద ఉన్నప్పుడు కొడవలి ఆగదు. మల్లెపొద ఎండిన కట్టెల్లా కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకు! కత్తిరించే కాలం డిసెంబరు, జనవరిలోనే అయిపోయింది, ఇప్పుడది మొగ్గ తొడిగే కాలం. పాదు చేసి నీళ్ళు పొయ్యి చాలు. కరివేపాకు కాయలు కడుతుంటే చివర్లు తుంచు, పక్కన మొలిచిన పిలకలు పిన్ని అడిగితే ఇవ్వు. తిప్పతీగని కలుపనుకుని లాగేసేవు. బావి గట్టు పక్క తుమ్మి ఉంటుంది, చిన్న తెల్లపూలు. నాయనమ్మ దాని ఆకుతో పప్పు వండేది, ఆ రుచి ఇప్పుడు మా ఎవరి చేతికీ రావడం లేదు. దాన్ని ఉంచు.

తోడుగా ఒక మనిషిని కూలికి మాట్లాడుకో. ఒంటరిగా చెయ్యొద్దు. డబ్బు నేనిస్తాను, కాదనకు. ఇనుము గీసుకుంటే ఆసుపత్రిలో ధనుర్వాతం రాకుండా ఇంజక్షన్ వేయించుకో, గీతే కదా అనుకోకు. మజ్జిగ తాగుతూ ఉండు, ఖాళీ కడుపుతో ఎండలో వంగి పనిచెయ్యకు. పని ఆపగానే ముందు నాకు ఫోను చెయ్యి, తర్వాతే ఫోటోలు మీ నాన్నకి పంపు.

నేను పండగ ముందురోజు వస్తున్నాను. కొత్త చింతపండు, బెల్లం నేను తెస్తాను, బజారులో నువ్వు కొనకు. వేపపువ్వు మన చెట్టుదే కోద్దాం, కింది కొమ్మకి నీ చెయ్యి అందుతుంది.

నీ అత్త