పేషెంట్ ఇంట్లో తగిలిన దెబ్బ "ఇంట్లో తగిలిన దెబ్బ" కాదు

అమ్మా, మీరు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మీ అమ్మగారు న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒక ఏజెన్సీ తరఫున హోమ్ హెల్త్ ఎయిడ్‌గా, అంటే ఇళ్లకి వెళ్లి పేషెంట్లని చూసుకునే పని, చేస్తున్నారు. 16 రోజుల కిందట బాత్రూంలో జారిపోతున్న పేషెంట్‌ని పట్టుకోబోతే మీ అమ్మగారి కుడి భుజం పట్టేసింది. ఆ రోజే ఏజెన్సీలో డ్యూటీలు వేసే కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి చెబితే, "మీ ఇన్సూరెన్స్ మీద చూపించుకోండి, కంప్ (వర్కర్స్ కాంపెన్సేషన్) పెడితే ఈ కేస్ (ఈ పేషెంట్ పని) వేరేవాళ్లకి వెళ్లిపోతుంది" అన్నారు. కంప్ అడిగే హక్కు ఉందా, గ్రీన్‌కార్డుకి ఏమైనా అవుతుందా, పనిలోంచి తీసేస్తారా అని మీ భయం.

హక్కు ఉంది. వర్కర్స్ కాంపెన్సేషన్ అనేది ఏజెన్సీ దయతలచి ఇచ్చేది కాదు. న్యూజెర్సీలో మనిషిని పనిలో పెట్టుకున్న ప్రతి యజమానీ చట్టం ప్రకారం కట్టి తీరాల్సిన ఇన్సూరెన్స్ అది. ఆ చట్టం 1911 నాటిది. తప్పు ఎవరిదన్న ప్రశ్నే ఉండదు. పేషెంట్ జారినా, మీ అమ్మగారు సరిగ్గా పట్టుకోకపోయినా, నేల తడిగా ఉన్నా, పని చేస్తుండగా దెబ్బ తగిలితే చాలు. గ్రీన్‌కార్డు సంగతి: ఇది ప్రభుత్వ సాయం కిందికి రాదు, కష్టపడి పని చేసినందుకు వచ్చిన హక్కు. పబ్లిక్ చార్జ్, అంటే ప్రభుత్వం మీద భారమయ్యే మనిషి అన్న లెక్కలోకి దీన్ని తీసుకోరు. ఆ భయం పెట్టుకోకండి.

ముందు ఇవాళ చేయాల్సిన పని చెప్తాను, తర్వాత నా కథ. కోఆర్డినేటర్‌కి ఒక మెసేజ్, ఏజెన్సీకి ఒక ఈమెయిల్ పెట్టించండి. ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఏ పేషెంట్ ఇంట్లో, ఏం చేస్తుండగా, ఏ భుజానికి దెబ్బ తగిలిందో రాయండి. ఆ రోజే ఫోన్‌లో చెప్పిన విషయం కూడా రాయండి. "ఇది పని దగ్గర తగిలిన దెబ్బ, వర్కర్స్ కాంప్ కింద డాక్టర్ దగ్గరికి పంపండి" అని స్పష్టంగా అడగండి. న్యూజెర్సీలో యజమానికి 14 రోజుల్లో తెలియజేయాలని ఉంది. 16 రోజులైందని కంగారు పడొద్దు. ఆ రోజే ఫోన్ చేశారు కాబట్టి వాళ్లకి తెలిసినట్టే. ఆ ఫోన్ కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. అసలు చెప్పకపోయినా 30 రోజుల్లోపు చెబితే ఆలస్యం ఒక్కటే కారణంగా కొట్టేయడానికి లేదు. 90 రోజులు దాటితే మాత్రం తలుపు మూసుకుపోతుంది. అందుకే ఫోన్ మాట మీద వదిలేయకండి, కాగితం మీదికి తేండి.

ఇప్పుడు నా సంగతి. నేను తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి 2016లో మా అబ్బాయి వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్ మీద ఇక్కడికొచ్చాను. 76 గంటల ట్రైనింగ్ పూర్తిచేసి, బోర్డ్ ఆఫ్ నర్సింగ్ సర్టిఫికెట్ తీసుకుని ఎయిడ్ పనిలో చేరాను. 2022 ఫిబ్రవరిలో నా కేస్ ఒక పెద్దాయన. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయింది, మనిషి 90 కేజీల పైనే. పొద్దున్నే మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మార్చాలి. పట్టుకోవడానికి ఆయన నడుముకి కట్టే గెయిట్ బెల్టు ఒక్కటే ఉంది, మనిషిని ఎత్తే యంత్రం హోయర్ లిఫ్టు లేదు. చేతులతో పేషెంట్‌ని ఎత్తడానికి ఇక్కడి నిపుణులు చెప్పే హద్దు 35 పౌండ్లు, అంటే 16 కేజీలు. ఆ లెక్క నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు ఆయన మోకాలు మడతపడి బరువంతా నా మెడ మీద వేశారు. ఆయన్ని కింద పడనివ్వకూడదని మెలితిరిగి ఆపాను. నడుం కలుక్కుమంది.

మనవాళ్ల అలవాటు మీకు తెలిసిందే. "ఆఁ, తగ్గిపోతుందిలే" అనుకుని అమృతాంజనం రాసుకుని, బెల్టు కట్టుకుని ఇంకో నాలుగు రోజులు పనికి వెళ్లాను. ఆ కుటుంబం నన్ను సొంత మనిషిలా చూసేది. దెబ్బ తగిలిందని చెబితే వాళ్ల మీద ఫిర్యాదు చేసినట్టవుతుందని మొహమాటపడ్డాను. ఇది చాలామంది ఆడవాళ్లకి ఉన్న అపోహ. కంప్ క్లెయిమ్ పేషెంట్ మీద గానీ, వాళ్ల పిల్లల మీద గానీ వేసే కేసు కాదు. ఏజెన్సీ కట్టిన ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చేది. ఆ ఇంటివాళ్ల జేబులోంచి ఒక్క డాలరు పోదు.

అయిదో రోజు మంచం దిగలేకపోయాను. మా అబ్బాయి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాడు. రాత్రంతా ఆఫీసు సాఫ్ట్‌వేర్ రిలీజ్ పనిలో ఉండి నిద్రలేకుండా వచ్చాడు పాపం. ఎలా జరిగిందని నర్సు అడిగితే నేను తెలుగులో, "వాళ్లింట్లో పెద్దాయన్ని లేపుతుంటే పట్టేసింది" అన్నాను. వాడు ఇంగ్లీషులో "ఇంట్లో బరువెత్తుతుంటే పట్టేసింది" అన్నట్టు చెప్పాడు. నర్సు అదే రాసుకుంది. మూడు వారాల తర్వాత నా కంప్ క్లెయిమ్ గురించి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: దెబ్బ ఇంట్లో తగిలిందని హాస్పిటల్ రికార్డులోనే ఉంది, పని దగ్గర తగిలింది కాదు, క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం.

ఆ ఉత్తరం చదివి మా అబ్బాయి ఆ పూట అన్నం తినలేదు. వాడి తప్పేం లేదు. మన పనిలో ఉన్న చిక్కే అది. ఫ్యాక్టరీలో చేసేవాడు "పనిలో తగిలింది" అంటే అందరికీ అర్థమవుతుంది. మనకి పనిచేసే చోటు కూడా ఒక ఇల్లే. అందుకే మీ అమ్మగారు డాక్టర్ దగ్గర, నర్సు దగ్గర, అడ్జస్టర్ (క్లెయిమ్ చూసే ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి) దగ్గర, ఎవరడిగినా మొదటి మాటగా "నా పేషెంట్ ఇంట్లో, డ్యూటీలో ఉండగా" అనాలి. మీరు తర్జుమా చేయకండి, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. ప్రభుత్వ డబ్బు తీసుకునే హాస్పిటళ్లన్నీ ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఇవ్వాలి. ఫోన్ మీద తెలుగు మనిషి దొరుకుతారు. ఇప్పటికే అర్జెంట్ కేర్‌కి వెళ్లారన్నారు కదా, అక్కడ ఏం రాశారో కాపీ తెచ్చుకుని చదవండి. తప్పుంటే సరిచేయమని రాతపూర్వకంగా అడగండి.

నన్ను గట్టెక్కించినవి మూడు. మొదటిది, పేషెంట్ ఇంటికి వెళ్లగానే, వచ్చేటప్పుడూ ఫోన్‌లో కొట్టే హాజరు పంచ్. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బుతో నడిచే ఇంటి సేవలకి ఎయిడ్ ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు పనిచేసిందో ఎలక్ట్రానిక్‌గా నమోదు చేయాలని ఫెడరల్ చట్టం ఉంది. మనల్ని కనిపెట్టడానికని నేను విసుక్కునేదాన్ని, అదే నాకు సాక్ష్యమైంది. ఆ పొద్దున 8 గంటలకి నేను ఆయన ఇంట్లోనే ఉన్నానని అది చూపించింది. రెండోది, ఆ సాయంత్రం కోఆర్డినేటర్‌కి నేను పెట్టిన మెసేజ్: "పెద్దాయనకి రేపటి నుంచి ఇద్దరు కావాలి, ఇవాళ ఒక్కదాన్నే ఆపడం చాలా కష్టమైంది, నడుం నొప్పిగా ఉంది." సాయం కోసం పెట్టిన ఆ మెసేజే నోటీసు కింద పనికొచ్చింది. మూడోది, పెద్దాయన కూతురు. నేను మొహమాటపడింది ఆ అమ్మాయి దగ్గరే. తనే ఫోన్ చేసి, "ఆంటీ, నేను పక్క గదిలోనే ఉన్నా కదా, చూసింది చూసినట్టు రాసిస్తా" అంది. ఇప్పుడు తలచుకున్నా కళ్లు చెమరుస్తాయి.

లాయర్‌ని పెట్టుకున్నాను. చేతిలోంచి ఒక్క పైసా ముందు ఇవ్వలేదు. కంప్ కేసుల్లో లాయర్ ఫీజు ఎంతో జడ్జి నిర్ణయిస్తారు, అది కూడా గెలిస్తేనే. క్లెయిమ్ పిటిషన్ వేసి, వైద్యం, వారం వారం డబ్బు వెంటనే ఇప్పించమని జడ్జికి మోషన్ (అర్జీ) పెట్టారు. మా మిడిల్‌సెక్స్ కౌంటీ కేసు న్యూ బ్రన్స్‌విక్ ఆఫీసుకి వెళ్లింది. హియరింగ్ వీడియోలోనే అయింది. పిటిషన్‌కి గడువు దెబ్బ తగిలిన రోజు నుంచి, లేదా కంప్ చివరి చెల్లింపు నుంచి, ఏది తర్వాతైతే దాన్నుంచి 2 సంవత్సరాలు. ఇన్ఫార్మల్ హియరింగ్ అని, పిటిషన్ వేయకుండా మాట్లాడి తేల్చుకునే ఇంకో దారి ఉంది, కానీ దానికి అర్జీ పెట్టినంత మాత్రాన ఈ 2 సంవత్సరాల గడియారం ఆగదు. మాటలతో కాలయాపన జరిగి, గడువు దాటిపోయి ఏడ్చిన ఒక ఆవిడ నాకు తెలుసు.

డబ్బు లెక్క చెప్తాను. దెబ్బ వల్ల 7 రోజులకి మించి పనికి వెళ్లలేకపోతే, మొదటి రోజు నుంచీ లెక్కగట్టి వారం జీతంలో 70 శాతం ఇస్తారు. దానికి పై హద్దు ఉంది గానీ మన జీతాలు దాని దరిదాపుల్లో ఉండవు. నాకు గంటకి 16 డాలర్లు, వారానికి 35 గంటలు, అంటే 560. అందులో 70 శాతం 392 డాలర్లు. క్లెయిమ్ తిరస్కరించి వాళ్లు వాదనలో ఉన్న నెలల్లో ఇల్లెలా గడుస్తుందని మీకు అనుమానం రావచ్చు. అప్పుడు రాష్ట్రం వారి టెంపరరీ డిసబిలిటీకి (పని చేయలేని రోజులకి రాష్ట్రం ఇచ్చే డబ్బు) అప్లై చేయాలి. కంప్ వివాదంలో ఉందని చెప్పి తీసుకోవచ్చు. అది జీతంలో 85 శాతం, నాకు దాదాపు 476 వచ్చింది. తర్వాత కంప్ ఒప్పుకున్నాక ఆ డబ్బు రాష్ట్రానికి తిరిగి కట్టేది ఉంటుంది, ఆ లెక్క లాయర్లు చూసుకున్నారు. ఈ దారి నాకు ఎవరూ చెప్పలేదు, లాయర్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి చెప్పింది.

వైద్యం విషయంలో ఒక్క జాగ్రత్త. న్యూజెర్సీలో డాక్టర్‌ని ఎంచుకునే హక్కు ఇన్సూరెన్స్ కంపెనీదే. ఎమర్జెన్సీ వేరు. మీ అంతట మీరు తెలిసిన ఆర్థోపెడిక్ దగ్గరికి వెళ్తే ఆ బిల్లు మీ నెత్తిన పడొచ్చు. వాళ్లని రాతపూర్వకంగా అడిగి, వాళ్లు పంపకపోతే అప్పుడు సంగతి వేరు. సొంత ఇన్సూరెన్స్ మీద చూపించుకోమన్న మాట వినకండి. పని దగ్గర దెబ్బ అని తెలియగానే ఆ ఇన్సూరెన్స్ వాళ్లు బిల్లు వెనక్కి పంపుతారు, ఈలోపు కంప్ వాళ్లకి "పని దగ్గర తగిలితే సొంత కార్డు ఎందుకు వాడారు" అని అడిగే అవకాశం వస్తుంది. అర్జెంట్ కేర్‌లో కట్టిన రసీదు పారేయకండి.

వైద్యం అయ్యాక డాక్టర్ "ఇంతకంటే బాగవదు" అంటే క్లెయిమ్ అక్కడితో ముగిసినట్టు కాదు. భుజం ఇదివరకటిలా పైకి లేవకపోతే దానికి శాతం కట్టి శాశ్వత నష్టం కింద విడిగా ఇస్తారు. చాలామంది పనికి తిరిగి వెళ్లగానే కేసు అయిపోయిందనుకుని దీన్ని వదిలేస్తారు. మధ్యలో డాక్టర్ "10 పౌండ్లకి మించి ఎత్తొద్దు" అని రాసిస్తే, ఆ కాగితం ఏజెన్సీకి ఇచ్చి తేలిక కేస్ అడగండి. అలాంటి తేలిక కేస్ వాళ్ల దగ్గర లేకపోతే వారం డబ్బు ఆగకూడదు. కాగితాన్ని పక్కన పెట్టి మొహమాటానికి పాత కేస్‌కే వెళ్తే మాత్రం భుజమూ పోతుంది, క్లెయిమూ పోతుంది.

ఉద్యోగం సంగతి నిజం చెప్తాను. కంప్ అడిగినందుకు తీసేయడం, వేధించడం న్యూజెర్సీలో చట్టవిరుద్ధం. కానీ ఎవరూ "అందుకే తీసేశాం" అనరు. గంటలు తగ్గిస్తారు, దూరం కేసులిస్తారు. నాకూ కొన్నాళ్లు అలాగే జరిగింది. అందుకే దెబ్బకి ముందు మూడు నెలల షెడ్యూలు, పేస్టబ్బులు (జీతం చీటీలు) ఇప్పుడే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. కోఆర్డినేటర్ అన్న "కేస్ వేరేవాళ్లకి వెళ్లిపోతుంది" అన్న మాట కూడా తేదీతో సహా రాసిపెట్టండి.

"మీరు 1099 (సొంతంగా పనిచేసే కాంట్రాక్టర్), మా ఉద్యోగి కాదు" అని కొన్ని ఏజెన్సీలు తప్పించుకోజూస్తాయి. కాగితం మీద పేరు కాదు, ఎవరి ఆజ్ఞ మీద, ఎవరిచ్చిన గంటల్లో పనిచేస్తున్నారన్నది చూస్తారు. ఏజెన్సీ లేకుండా కుటుంబమే నేరుగా పెట్టుకున్నా, క్యాష్ ఇచ్చినా హక్కు పోదు. ఆ ఇంటి హోమ్ ఓనర్స్ పాలసీలో (ఇంటి ఇన్సూరెన్స్) కంప్ ఉందేమో తీసి చూడమనండి. అసలు ఇన్సూరెన్సే కట్టని యజమానులుంటే దానికి రాష్ట్రంలో ప్రత్యేక నిధి ఉంది. పని చేసే అనుమతి లేని వాళ్లకి కూడా కంప్ వస్తుంది, కానీ వాళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి అడుగు వేయాలి.

ఇదంతా న్యూజెర్సీ మాట. న్యూయార్క్‌లో ఉన్నవాళ్లు 30 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి, డాక్టర్‌ని వాళ్లే బోర్డు లిస్టులోంచి ఎంచుకోవచ్చు. కాలిఫోర్నియాలో క్లెయిమ్ ఫారం ఇచ్చాక నిర్ణయం వచ్చేలోపు 10,000 డాలర్ల దాకా వైద్యం చేయించాలి. టెక్సస్‌లో ప్రైవేటు యజమాని కంప్ కట్టకుండా ఉండొచ్చు, డాలస్‌లో పనికి చేరే అక్కచెల్లెళ్లు చేరేముందే ఆ ప్రశ్న అడగాలి.

అడ్జస్టర్ ఫోన్ చేసి రికార్డు చేస్తామంటే, లాయర్‌తో మాట్లాడాక చెప్తానని అని అమ్మగారిని ఫోన్ పెట్టేయమనండి. పాత భుజం నొప్పి ఏదైనా ఉంటే లాయర్ దగ్గర, డాక్టర్ దగ్గర దాచొద్దు. ఉన్న నొప్పి పని వల్ల ముదిరినా కంప్ వర్తిస్తుంది. దాచింది తర్వాత బయటపడితేనే నమ్మకం పోతుంది. ఈ రాత్రికి ఆ మెసేజ్ వెళ్లాలి, రేపు పొద్దున ఈమెయిల్. మెసేజ్ అమ్మగారి ఫోన్ నుంచే పెట్టండి, మీ ఫోన్ నుంచి వద్దు.