చీజ్ హలాలా అని అడిగిన తమ్ముడికి

ప్రశ్న: అన్నా, సలాం. మాది ఒంగోలు దగ్గర. ఎంఎస్ చేయడానికి ఆగస్టులో చికాగో వచ్చాను. చీజ్‌లో ఎంజైమ్‌లు, బ్రెడ్‌లో మోనో గ్లిజరైడ్లు, జెలటిన్, జన్యుమార్పిడి సోయా, ల్యాబ్‌లో పెంచే చికెన్... మొత్తం పధ్నాలుగు రాసి పంపుతున్నాను. ఇందులో ఏవి తినొచ్చు? ప్రస్తుతానికి అన్నం, గుడ్లతో నెట్టుకొస్తున్నాను. రూంలో ముగ్గురూ తెలుగువాళ్లే, కానీ వాళ్ల తిండి వేరు.

జవాబు: వాలేకుం సలాం తమ్ముడూ. అన్నం, గుడ్లు అన్నావు చూడు, అక్కడే నాకు 2003 గుర్తొచ్చింది.

నేను నంద్యాల దగ్గర పల్లె నుంచి వచ్చాను. వచ్చేముందు మా మామ కొడుకు ఒక ఈమెయిల్ ప్రింటు తీసి ఇచ్చాడు. తిండిలో కలిపే పదార్థాలకు ఇచ్చే కోడ్ నంబర్లు, ఈ-471, ఈ-120, ఈ-441 అంటూ పెద్ద పట్టిక, వీటిలో పంది కొవ్వు ఉంటుందని హెచ్చరిక. దాన్ని లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకున్నాను. ఇక్కడ కొట్టుకెళ్లి ఏ ప్యాకెట్ తిప్పి చూసినా ఒక్క ఈ-నంబరూ లేదు. అమెరికా ఎంత మంచి దేశమో అనుకుని మూడు నెలలు బ్రెడ్, కేకులు హాయిగా తిన్నాను. తర్వాత తెలిసింది, ఆ నంబర్లు వాడేది యూరప్‌లోనట. ఇక్కడ పేర్లే రాస్తారు. నేను రోజూ తింటున్న మోనో, డై గ్లిజరైడ్లే ఆ ఈ-471! పైగా అవి సోయా నూనెతోనూ చేస్తారు, జంతువుల కొవ్వుతోనూ చేస్తారు. ఏదన్నది నంబరు చూసినా తెలియదు, పేరు చూసినా తెలియదు.

దాంతో రెండో కొసకు పోయాను. అన్నీ మానేశాను. రెండు బస్సులు మారి మనవాళ్ల కొట్లుండే డెవాన్ అవెన్యూ వెళ్లి జబీహా చికెన్, అంటే ఇస్లాం పద్ధతిలో జబహ్ చేసి కోసింది, తెచ్చుకునేవాణ్ణి. మసీదులో ఎవరో అజినొమొటో సంగతి చెప్పాక నూడుల్స్ కూడా పోయాయి. అది నిజంగా జరిగిందే. 2000 చివర్లో ఇండోనేషియా ఉలమా (మతపండితుల) మండలి ఆ ఉప్పు హరామ్, అంటే తినకూడనిది అని ప్రకటించింది. ఆ ఉప్పును బ్యాక్టీరియాతో పులియబెట్టి చేస్తారు. ఆ బ్యాక్టీరియా తినే మేతను తయారు చేయడానికి పంది నుంచి తీసిన ఎంజైమ్ వాడారు. తయారైన ఉప్పులో పంది ఆనవాలు లేదని, తినొచ్చని దేశాధ్యక్షుడు వాహిదే అన్నా కంపెనీ సరుకు వెనక్కి తీసుకోక తప్పలేదు. అప్పుడు నాకు అర్థమైంది, తిండిలో ఏముందన్న ఒక్క ప్రశ్న చాలదు, దాన్ని చేసిన సూక్ష్మజీవికి ఏం తినిపించారన్నదీ అడగాలి.

అర్థమైంది సరే, దానివల్ల నాకు జరిగింది చెబుతాను. రూమ్మేట్ పుట్టినరోజుకి కేకు తెచ్చారు. వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్‌లో 35 శాతం ఆల్కహాల్ ఉంటుందని చదివి ఉన్నాను. నిజమే, ఇక్కడి నిబంధన ప్రకారం అంతకు తగ్గకూడదు. కేకు కోస్తుండగా ఆ మాట అందరి ముందూ చెప్పి, వద్దని, గదిలోకి వెళ్లిపోయాను. తర్వాత వచ్చిన పుట్టినరోజుకి నన్ను పిలవలేదు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, పిలిస్తే ఇబ్బంది పడతాడని మానేశారు. తలుపు అవతల నవ్వులు వింటూ చల్లారిన అన్నంలో నిమ్మకాయ పచ్చడి కలుపుకున్న రాత్రి నాకింకా గుర్తుంది. పోనీ మసీదులో ఇఫ్తార్‌కి వెళితే అంతా ఉర్దూ. మా ఇంట్లో తెలుగే, అందుకని తలూపుతూ కూర్చునేవాణ్ణి. తెలుగు సంఘం ఉగాదికి వెళితే ప్లేటులో పులిహోర తప్ప ఏదీ వేసుకోలేను. రెంటికీ చెడ్డ రేవడిననుకో.

మార్పు ఒక పెరుగు షెల్ఫ్ దగ్గర వచ్చింది. మా రూంలోనే విజయవాడ అబ్బాయి ఉండేవాడు, శాకాహారి, బయోటెక్నాలజీ చదివేవాడు. నేను డబ్బా తిప్పి చదువుతుంటే పక్కన వాడూ ఇంకో డబ్బా తిప్పి చదువుతున్నాడు. ఇద్దరం వెతుకుతున్నది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటినే! ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటూ ఒకే టెన్షన్ పడుతున్నామని అప్పుడు తెలిసింది.

చీజ్ గురించి నాకు చెప్పింది వాడే. పాలు విరగడానికి పూర్వం పాలు మరవని దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడేవారు. అందులో ఆ పని చేసే ఎంజైమ్ కైమోసిన్. దాని తాలూకు దూడ జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి చేయించారు. 1990లో ఇక్కడ ఆహారం, మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ దానికి ఒప్పుకుంది. తర్వాత బూజు, ఈస్ట్‌లతోనూ చేయించారు. ఇప్పుడు ఇక్కడి చీజ్‌లో చాలావరకు అదే. "దూడను చంపలేదు కాబట్టి మాకు ఓకే, మరి మీకు?" అన్నాడు. మా మౌలానాను అడిగాను. ఆయన నవ్వి, దూడ ఎటూ హలాల్ జంతువే, పైగా జబహ్ చేయని జంతువు రెనెట్‌ను కూడా ఇమామ్ అబూ హనీఫా ఒప్పుకున్నారు, మిగతా మజ్‌హబ్‌లలో (ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో) చాలామంది ఒప్పుకోలేదు, నువ్వు ఆయన దారి పట్టిన హనఫీవేగా, వెళ్లి పిజ్జా తిను అన్నారు. ఆ శుక్రవారం హాల్లో నలుగురం కలిసి తిన్నాం. మరీ అంత రుచిగా ఏమీ లేదు, అయినా మూడు ముక్కలు తిన్నాను.

నీ లిస్టులో మిగతావి త్వరగా చెప్పేస్తాను, వివరాలు నువ్వే చూసుకో, ఫోన్ ఉందిగా, మాకు అదీ లేదు. పంది జెలటిన్ మీద పండితులకే ఒక మాట లేదు. పదార్థం పూర్తిగా మారిపోతే దాని హుకుం (తినొచ్చా, కూడదా అన్న తీర్పు) మారుతుందనే ఇస్తిహాలా వాదంతో 1995లో కువైట్‌లో జరిగిన ఒక సదస్సు ఒప్పుకుంది. 1986లో అమ్మాన్‌లో కూడిన ఫిఖ్‌హ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్ర) అకాడమీ వద్దంది. నేను తినను. సోయా, మొక్కజొన్నల్లో జన్యుమార్పిడికి ఎక్కువమంది అభ్యంతరం చెప్పరు, పంది జన్యువు కలిపితే వేరే మాట. మాంసం లేకుండా మొక్కల పదార్థాలతో చేసే ఇంపాజిబుల్ బర్గర్‌కి ఎరుపు తెచ్చేది ఈస్ట్ చేసిన సోయా ప్రోటీన్. దానికి ఇక్కడి హలాల్ సంస్థ ఇఫాంకా వారి సర్టిఫికెట్ ఉంది. నెలవంకలో ఎం అక్షరం వాళ్ల గుర్తు, అది గుర్తుపెట్టుకో. కోడి కణాల నుంచి పెంచే ల్యాబ్ చికెన్‌కు 2023 జూన్‌లో ఇక్కడ అనుమతి వచ్చింది. కణాలు హలాల్ జంతువువై, హరామ్ పదార్థమేదీ కలవకపోతే తినొచ్చని సింగపూర్ ముఫ్తీలు 2024లో అన్నారు. నీకు వచ్చే స్టైపెండ్‌తో దాని జోలికి ఎలాగూ పోవులే.

ఇప్పుడు నాకు ఇల్లుంది, రెండు ఫ్రిజ్‌లున్నాయి, రంజాన్‌లో ముప్ఫై మందికి వండి పెడతాను. విజయవాడవాడు డాలస్‌లో ఉంటాడు. కొత్త స్నాక్ ఏది కనబడినా డబ్బా వెనక ఫొటో తీసి నాకు పంపుతాడు, నేను వాడికి పంపుతాను.

తమ్ముడూ, పధ్నాలుగు పదార్థాల పేర్లు స్పెల్లింగ్ తప్పు లేకుండా రాశావు. రూంలో ఉన్న ముగ్గురి పేర్లు రాయలేదు. వాళ్లలో శాకాహారి ఎవరైనా ఉన్నారా? ఈ ఆదివారం సరుకులకు వాళ్లతో కలిసి వెళ్లి, ఏమైందో నాకు మళ్లీ రాయి.