పిట్స్‌బర్గ్ చర్చి బారుకి పిలిచారు, వెళ్ళాలా?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక తెలుగు తమ్ముడు అడిగాడు. ఆగస్టులో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఎం.ఎస్.లో చేరుతున్నాడు. కొత్త బ్యాచ్‌ని మొదటి శనివారమే చర్చ్ బ్రూ వర్క్స్‌కి తీసుకెళ్తామని అక్కడి సీనియర్లు చెప్పారట. చర్చిలో బారేమిటి, వెళ్తే తాగాల్సిందేనా, అమ్మకి తెలిస్తే బాధపడుతుందా, ఎంత ఖర్చవుతుంది అని అతని ప్రశ్నలు. మొదటి మూడింటికీ జవాబు చిన్నదే. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి వచ్చే మన పిల్లలు దెబ్బతినేది నాలుగోదాని దగ్గర.

ముందు ఆ చోటు సంగతి. ఊళ్ళో లారెన్స్‌విల్ అనే పేటలో లిబర్టీ అవెన్యూ మీద ఉన్న సెయింట్ జాన్ ద బాప్టిస్ట్ చర్చి అది, 1902లో కట్టింది. ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడి ఊళ్ళో జనం తగ్గాక 1993లో డయోసీస్, అంటే ఆ ప్రాంతపు కాథలిక్ చర్చిల్ని నడిపే వాళ్ళే దాన్ని మూసేశారు. 1996లో అక్కడ బ్రూవరీ, అంటే బీరు కాచి అమ్మే చోటు, తెరిచారు. లోపల అడుగు పెట్టగానే ఎదురుగా, పూర్వం ఆల్టర్ (పూజాపీఠం) ఉన్న చోట, నీలం రంగు గోడ ముందు పెద్ద పెద్ద ఉక్కు, రాగి ట్యాంకులు మెరుస్తూ కనిపిస్తాయి. బీరు కాచేది వాటిలోనే. 24 అడుగుల పొడవుండే పాత ఓక్ బెంచీలను కోసి టేబుళ్ళ దగ్గర సీట్లు చేశారు, మిగిలిన చెక్కని బారు కౌంటరుకి వాడారు. రంగుటద్దాల కిటికీలు అలాగే ఉంచారు. మన గంజాం జిల్లాలో మద్రాసు రోజుల నాటి బంగళాలు పైకప్పులు కూలి చెట్లు మొలిచి ఉండటం చూసి పెరిగినవాణ్ణి. పాత కట్టడాన్ని ఇంత శ్రద్ధగా నిలబెట్టుకోవచ్చని నాకు తెలిసింది అక్కడే. కాబట్టి వెళ్ళు, తప్పకుండా చూడు.

అమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పు. అది ప్రార్థనలు ఆగిపోయిన భవనం. పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడి 1976 నుంచీ ఉంది, మర్నాడు అక్కడికీ వెళ్ళి ఫోటో పంపించు, ఆవిడ మనసు కుదుటపడుతుంది. తాగమని ఎవరూ బలవంతం చెయ్యరు. రూట్ బీరు అడుగు, పేరుకే బీరు, అందులో మత్తుండదు. తాగాలంటే 21 నిండాలి, ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపించాలి, ఫోన్లో ఫోటో చూపిస్తే ఒప్పుకోరు. మిగతా రూల్స్ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్ళ దగ్గర దొరుకుతాయి, చదువుకో.

ఇక డబ్బు.

నేను అమెరికా వెళ్ళిన కొత్తలో పాత గిడ్డంగిని మార్చి కట్టిన ఇంకో బారుకి క్లాసువాళ్ళతో వెళ్ళాను. మన బరంపురంలో నలుగురం కలిసి గేట్ బజార్‌లో టిఫిన్ చేస్తే బిల్లు నేనిస్తానంటే నేనిస్తానని కొట్టుకుంటాం కదా, ఆ అలవాటు ఒంట్లోనే ఉంది. కౌంటర్ దగ్గర నేనే ముందున్నాను, కార్డు ఇచ్చాను. ట్యాబ్ తెరిచి ఉంచమంటారా అని ఆ అమ్మాయి అడిగింది. ట్యాబ్ అంటే బిల్లు ఖాతా అని అప్పుడు తెలీదు, అర్థం కాకపోయినా తలూపాను. ఆ రాత్రి మా టేబుల్ మీదకి వచ్చిన ప్రతి గ్లాసూ, ప్రతి ప్లేటూ నా కార్డు మీదే పడింది. అందరూ పార్టీ నేనిస్తున్నానని అనుకున్నారు, నిజాయితీగా థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు. తిరిగి అడగడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. ఆ నెల అద్దెలో నా వాటా రూమ్మేట్ కట్టాడు. బరంపురంలో పట్టుచీరల కొట్లో గుమాస్తాగా చేసే మా నాన్న సంతకం మీద వచ్చిన బ్యాంకు లోను డబ్బు అది. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు ఉండేది.

మన ఒడిశా తెలుగువాళ్ళకి ఈ గండం కొంచెం ఎక్కువని నా అభిప్రాయం. ఆంధ్ర పిల్లలు “ఒడిశా అంటున్నావు, తెలుగెలా వచ్చు?” అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైందనీ, అంతకుముందు గంజాం మద్రాసులో ఉండేదనీ ప్రతిసారీ చెప్పాలి. ఒరియా పిల్లల దగ్గరికి వెళ్తే వాళ్ళు మనల్ని తెలుగువాళ్ళ కింద లెక్కేస్తారు. రెండు చోట్లా మంచివాడనిపించుకోవాలని చెయ్యి ముందుకి చాస్తాం. నేను చేసింది అదే. డబ్బు పెట్టి కొన్న స్నేహాలేవీ సెమిస్టర్ దాటలేదు. నాతో ఇప్పటికీ ఉన్నవాళ్ళు నా గదికి వచ్చి పప్పుచారు తిన్నవాళ్ళు. అప్పు చేసి పప్పుకూడు తినొద్దని పెద్దలు ఊరికే అనలేదు. ఆ లోను గడువుకి ముందే తీర్చి, బరంపురం ఇంటికి మేడ వేయించగలిగానంటే, ఆ తర్వాత లెక్క తప్పకుండా బతికినందుకే.

కాబట్టి నీ కార్డుతో నీ బిల్లే. గ్లాసు చేతికి రాగానే “ట్యాబ్ క్లోజ్ చెయ్యండి” అని చెప్పేసెయ్యి. కూర్చున్న చోటికే తెచ్చిస్తుంటే, ఎవరి బిల్లు వాళ్ళకి వేరుగా ఇమ్మని ఆర్డర్‌కి ముందే అడుగు. అక్కడ అది చిన్నతనం కాదు. మెనూలో ఎనిమిది డాలర్లని ఉంటే అది ఎనిమిది కాదు. పిట్స్‌బర్గ్ ఉన్న అలిఘెనీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) గ్లాసులో పోసి అమ్మే మందు మీద 7 శాతం పన్ను ఉంది, బస్సులకి ఆ డబ్బు వాడతారు. దాని మీద టిప్పు, 18 నుంచి 20 శాతం. టిప్పు ఎగ్గొట్టొద్దు. పెన్సిల్వేనియాలో టిప్పులొచ్చే పనివాళ్ళకి యజమాని గంటకి 2.83 డాలర్లు ఇచ్చినా చట్టం ఒప్పుకుంటుంది, మిగతాది మనం ఇచ్చేదే. అంటే ఎనిమిది డాలర్ల బీరు రెండు తాగితే ఇరవై దాటుతుంది. డాలరు ఎనభై పైమాటే కదా, గుణుపురంలో ఆ డబ్బుకి ఏం వస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

తక్కువలో అన్నీ చూడాలంటే ‘ఫ్లైట్’ అడుగు. చిన్న గ్లాసుల్లో నాలుగు రకాలు ఇస్తారు, ఇద్దరు పంచుకోవచ్చు. చాలాచోట్ల కొనే ముందు ఒక గుక్క రుచికి ఉచితంగా పోస్తారు, అడగడానికి సిగ్గుపడకు. ఐపీఏ అనే రకం బీరులో హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు) చేదు ఎక్కువ, ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎక్కువ పడినట్టు ఉంటుంది, మొదటిసారే ఫుల్ గ్లాసు కొంటే సగం వదిలేస్తావు. హెఫెవైజెన్ గోధుమ బీరు, ఈస్ట్ వల్ల అరటిపండు వాసన వస్తుంది, కొత్తవాళ్ళకి సులువు. స్టౌట్ నల్లగా, కాఫీ రుచితో ఉంటుంది. పేరు పక్కన ఆల్కహాల్ శాతం చూసుకో. అయిదు శాతం ఉన్నదీ పది శాతం ఉన్నదీ ఒకటి కాదు, రెండోది చిన్న గ్లాసులో ఇచ్చేది అందుకే. తిండి ఇంట్లో తిని వెళ్ళు. అక్కడ కొనాలనిపిస్తే పియెరోగీ, అంటే బంగాళదుంప కూరిన కజ్జికాయల్లాంటివి, ఇద్దరికి ఒక ప్లేటు చాలు. మాంసం కలుపుతారేమో అడిగి తీసుకో.

తాగి కారు నడిపినవాడి పక్కన కూడా కూర్చోకు. నువ్వే తాగి నడిపి కేసు పడితే విద్యార్థి వీసా రద్దవచ్చు, లాయరు ఫీజుకి నీ సెమిస్టర్ డబ్బు సరిపోదు. పిట్, (అంటే యూనివర్సిటీ ఆఫ్ పిట్స్‌బర్గ్), కార్నెగీ మెలన్ యూనివర్సిటీల విద్యార్థులకి సిటీ బస్సు ఉచితం. రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే చూసి పెట్టుకో, అది తప్పితే క్యాబ్‌కి ఇంకో పదిహేను డాలర్లు పోతాయి. సీనియర్లు ఇంకో రౌండ్ అంటున్నా సరే, బస్సు టైమైందని చెప్పి లేచి వచ్చెయ్యి.