పాపని పాడమనడం కొన్నాళ్లు ఆపండి

ప్రశ్న: మేము తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాం. పాపకి పదేళ్లు, బాబుకి ఏడు. రెండేళ్లుగా ఇద్దరినీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాను. చదువుతో పాటు సంగీతం, డ్రాయింగ్, మట్టిబొమ్మలు, రోజుకి ఐదు పక్షులో చెట్లో చూసి నోట్‌బుక్‌లో రాయడం, అన్నీ టైంటేబుల్ వేసి చేయిస్తున్నాను. మా అత్తమ్మది పుత్తూరు దగ్గర పల్లె. ఆమెకి ఇది మొదటినుంచీ నచ్చలేదు. ‘బడి లేదు, స్నేహితులు లేరు, బిడ్డలు ఏమైపోతారు’ అంటుంది. ఎవరైనా ఇంటికొస్తే పాపతో ఒక కీర్తన పాడించి, నోట్‌బుక్కులు చూపిస్తుంటాను. ఈమధ్య పాప పాడనంటోంది. సంగీతం క్లాసు ఉన్న రోజు కడుపునొప్పి అంటుంది. మావారు జూన్‌లో బడిలో వేసేద్దామంటున్నారు. నేను పిల్లల బతుకు పాడుచేశానా?

జవాబు: లేదమ్మా, పాడుచేయలేదు. ముందు కడుపునొప్పి సంగతి చూడండి. పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండి. నాటకాలాడుతోందని మాత్రం అనొద్దు. టెన్షన్‌తో వచ్చినా నొప్పి నొప్పే.

ఎవరైనా ఇంటికొస్తే పాడిస్తాను అన్నారే, నాకు అసలు చిక్కు అక్కడే కనిపిస్తోంది. మీ నిర్ణయం సరైనదేనని అత్తమ్మకీ చుట్టాలకీ చూపించాలని మీ తపన. పదేళ్ల పిల్లకి అది అర్థం కాకుండా ఉంటుందా? తను శ్రుతి తప్పితే అమ్మ వాళ్లందరి చేతా మాట పడాల్సి వస్తుందని దానికి తెలుసు. మీకూ అత్తమ్మకీ ఉన్న గొడవలో సాక్ష్యం చెప్పే పని పాప మీద పడింది. అందుకే గొంతు మూసుకుంది. సంగీతం మీద దానికి అయిష్టం కలిగిందని ఇప్పుడే తేల్చేయకండి.

కాబట్టి చుట్టాలెదుట పాడించడం ఈ రోజుతో ఆపండి. ఎవరైనా అడిగితే, ‘ఇప్పుడు కాదులెండి, కాఫీ తాగండి’ అనండి. ఆ మాట పాపకి వినపడేలా అనండి. టీచరుతో మాట్లాడి కొన్ని వారాలు క్లాసుకి విరామం ఇవ్వండి. సంగీతంలో మొదట నేర్పే సరళీ వరసలు ఎక్కడికీ పోవు. తిరుపతిలో ఉండి పాట వినడానికి కరువేముంది? అన్నమాచార్య కళామందిరంలోనో మహతి ఆడిటోరియంలోనో కచేరీ ఉన్న సాయంత్రం వెనక వరసలో కూర్చోండి. పాప వెళ్దామంటే మధ్యలోనే లేచి వచ్చేయండి. ఇంటికొచ్చాక అది ఏ రాగం అని మాత్రం అడగకండి.

రోజుకి ఐదు పక్షుల లెక్క కూడా తీసేయండి. ఇంటి దగ్గర ఏ వేపచెట్టో కానుగచెట్టో ఉంటుంది. ఏడాది పొడవునా ఆ ఒక్కదాన్నే చూడనివ్వండి. ఆకు ఎప్పుడు రాలింది, పూత ఎప్పుడు వచ్చింది, కాకి ఏ కొమ్మ మీద గూడు పెట్టింది, బొమ్మ వేయాలనిపిస్తే వేస్తారు. వానాకాలంలో కపిలతీర్థం దగ్గర నీళ్లు దూకుతున్నప్పుడు తీసుకెళ్లండి. శేషాచలం అడవి వైపు మాత్రం పిల్లలతో ఒంటరిగా పోవద్దు, చిరుతలు తిరిగే కొండలవి.

బాబు గురించి మీరేమీ రాయలేదు. ఏడేళ్లవాడు టైంటేబుల్‌కి కుదురుగా కూర్చుంటాడని నేననుకోను. వాణ్ణి ఒకరోజు శ్రీకాళహస్తి తీసుకెళ్లండి. బట్ట మీద కలంతో బొమ్మలు గీసే కలంకారీ పనివాళ్లని ముందుగా అడిగి, పని జరిగేచోట కూర్చోబెట్టండి. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో బట్టని నానబెట్టి ఆరేస్తారు. వెదురుపుల్లకి చివర గుడ్డ చుట్టి, దారంతో బిగించి కలం చేస్తారు. ఇనుపతుక్కు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్లలో కలం ముంచి, చుట్టిన గుడ్డని వేళ్లతో నొక్కుతూ గీస్తే, ముందు లేతగా ఉన్న గీత చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరుకి ఇనుము తగిలితే వచ్చే నలుపు అది. పాలలోని కొవ్వు వల్ల రంగు చెదిరిపోదు. ఇంటికొచ్చి వాడే ఒక డబ్బాలో పాత మేకులు, బెల్లం వేసుకుని పెరట్లో పెట్టుకుంటాడు. మూత గట్టిగా బిగించనివ్వకండి. వాసన వస్తుంది, ఓర్చుకోండి. అందులో ఒక సైన్సు పాఠం, ఒక బొమ్మల పాఠం రెండూ ఉన్నాయి. మీరు విడిగా చెప్పక్కర్లేదు.

ఇక అత్తమ్మ. స్నేహితులు లేరన్న మాటలో నిజం ఉందమ్మా, కోపం పక్కనపెట్టి వినండి. పిల్లలకి పిల్లలు కావాలి. ఏ క్లాసులూ లేకుండా సాయంత్రాలు వీధిలో ఆడుకోనివ్వండి. పాప మళ్లీ సంగీతం కావాలంటే, ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పించకుండా నలుగురు పిల్లలు కలిసి పాడేచోట చేర్చండి.

అత్తమ్మ పుత్తూరు వైపు ఆమె అంటున్నారు. ఆ పక్క ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర ‘భారతం’ అనే తిరునాళ్లు జరుగుతాయి. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం, అర్జునుడి వేషగాడు ఎక్కే పొడుగాటి తపస్సుమాను, ఆఖరిరోజు మట్టితో చేసిన దుర్యోధనుడి పెద్ద బొమ్మ, అగ్నిగుండం. చిన్నప్పుడు ఆమె అవన్నీ చూసే ఉంటుంది. పిల్లల్ని అవ్వ పక్కన కూర్చోబెట్టి మీరు వంటింట్లోకి వెళ్లిపోండి. వాళ్లకి ఆమె ఏం చెబుతుందో చెప్పనివ్వండి. ఈసారి తిరునాళ్లకి పిల్లల్ని ఆమే తీసుకెళ్తానంటే పంపండి. ఆమెని మీ వైపు తిప్పుకోవాలని చేయకండి, ఆ ఎత్తు పెద్దవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. ఆమె దగ్గర నేర్చుకోదగ్గది ఉందని మీరు నిజంగా నమ్మితేనే చేయండి.

మీవారి భయం బహుశా సర్టిఫికెట్ గురించి. జాతీయ ఓపెన్ స్కూల్లో పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి పరీక్ష రాయొచ్చని, అందులో పెయింటింగ్, కర్ణాటక సంగీతం సబ్జెక్టులుగా కూడా ఉన్నాయని ఆయనకి చెప్పండి. పాపకి ఇంకా నాలుగేళ్లు టైముంది. అయితే బడికి పంపాలా వద్దా అన్నది మీ ఇద్దరే తేల్చేయొద్దు, పాపని అడగండి. అడిగేముందు, ఏ జవాబైనా సరేనని మీరు మనసులో ఒప్పుకోవాలి. బడికి వెళ్తానంటే జూన్‌లో సంతోషంగా చేర్చండి. అదేదో మీరు ఓడిపోయినట్టు ముఖం చిన్నబుచ్చుకుంటే, రేపు బడిలో ఏ కష్టం వచ్చినా మీకు చెప్పదు. ఇంట్లోనే ఉంటానంటే, టైంటేబుల్లో దేన్ని తీసేయాలో కూడా తననే చెప్పనివ్వండి.